ఒకే నీళ్ళ డబ్బా, వేర్వేరు దాహాలు

పక్కపక్కనే ఉన్న రెండు కుండీలలో ఒకదానిలో పీస్ లిల్లీ, మరొకదానిలో అడీనియం ఉన్నాయనుకుందాం. రెండింటికీ ప్రతి ఉదయం ఒకే కొలతతో నీళ్ళు పడుతున్నాయి. ఒకనాడు రెండింటి ఆకులూ వాలిపోయి కనిపిస్తాయి. పైనుంచి చూసేవారికి రెండూ దాహంతో ఉన్నట్టే తోస్తాయి గనుక చేయి దానంతటదే నీళ్ళ డబ్బా మీదికి పోతుంది. కానీ పీస్ లిల్లీ కుండీలో వేలు దింపి చూస్తే మట్టి పొడిపొడిగా, కుండీ అంచును వదిలేసి ఉంటుంది. అడీనియం కుండీలో వేలికి బురద అంటుతుంది. దాని ఉబ్బిన కాండాన్ని బొటనవేలితో నొక్కితే మగ్గిన పండులా మెత్తగా లోపలికి పోతుంది. మొదటి మొక్క నీళ్ళు పోసిన కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. రెండవదానికి అదే నీరు ఆఖరి దెబ్బ అవుతుంది.

రకరకాల అలంకార మొక్కలను ఒకే చోట పెంచేవారికి ఎదురయ్యే చిక్కులలో చాలావరకు ఈ రెండు కుండీలలోనే ఉన్నాయి. అడవిలో పెద్ద చెట్ల నీడన పుట్టిన జాతి, ఎండిన రాతినేలలో పుట్టిన జాతి, చెట్టు బెరడును పట్టుకుని గాలిలో వేళ్ళు చాచే జాతి, ఇవన్నీ నర్సరీలో ఒకే రకం నల్ల సంచిలో, ఇంచుమించు ఒకే రకం మట్టిలో కనిపిస్తాయి కాబట్టి మనమూ వాటన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాం. "ఎన్ని రోజులకొకసారి నీళ్ళు పోయాలి?" అనే ప్రశ్న అక్కడినుంచే పుడుతుంది. ఆ ప్రశ్నకు నిజాయితీగా ఇవ్వగల జవాబు ఏ అంకెలోనూ లేదు, ఎందుకంటే నీటి అవసరాన్ని తేల్చేవి మొక్క మీద పడే వెలుగు, వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి, ఆ మట్టిని పట్టి ఉంచిన కుండీ, ఆ మొక్క పూర్వీకులు పెరిగిన చోటు. ఈ నాలుగూ ఒకదానినొకటి లాగుతూ ఉంటాయి. ఒకదానిని మార్చి తక్కినవి అలాగే ఉంటాయనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

వేళ్ళు నీటిని పీలుస్తాయని అందరికీ తెలుసు గానీ అవి ఊపిరి కూడా తీసుకుంటాయన్న సంగతి అంతగా గుర్తుండదు. ఆకులు తయారుచేసి పంపిన చక్కెరను వేరు కణాలు ఆక్సిజన్ సాయంతో ఖర్చుచేసి శక్తి పొందుతాయి. ఆ శక్తితోనే పోషకాలను లోపలికి లాక్కుంటాయి. మట్టి రేణువుల నడుమ ఖాళీలలో గాలి ఉన్నంతవరకు ఆక్సిజన్ సులువుగానే చేరుతుంది. ఆ ఖాళీలు నీటితో నిండిపోతే దాని కదలిక గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు మందగిస్తుంది. ఊపిరాడని వేళ్ళు నీటిని పీల్చే శక్తిని కూడా పోగొట్టుకుంటాయి కాబట్టి, నీటిలో మునిగి ఉన్న మొక్క సైతం దాహంతో ఉన్న మొక్కలాగే తల వాలుస్తుంది. ఆపైన పిథియం, ఫైటోఫ్తోరా వంటి సూక్ష్మజీవులు, తడిలో ఈదుకుంటూ వచ్చే సిద్ధబీజాలతో, బలహీనపడిన వేళ్ళలోకి చొరబడి వాటిని కుళ్ళబెడతాయి. ఎక్కువ నీరు పోయడం అంటే అసలు అర్థం వేళ్ళకు తక్కువ గాలి అందించడమే.

ఇక్కడ కుండీ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది తెచ్చిపెడుతుంది. గిన్నెలు తోమే దీర్ఘచతురస్రాకారపు స్పాంజీని నీటిలో ముంచి, పిండకుండా, పలకలా అడ్డంగా పట్టుకుంటే కొంత నీరు కారి ఆగిపోతుంది. ఇక చుక్క రాలదనిపించాక దానిని పొడవుగా నిలువునా తిప్పి పట్టుకుంటే మళ్ళీ ధారగా కారుతుంది. స్పాంజీ అదే, అందులోని రంధ్రాలూ అవే. మారినది ఎత్తు ఒక్కటే. సన్నని రంధ్రాలు భూమ్యాకర్షణకు ఎదురు నిలిచి కొంత ఎత్తు వరకు నీటిని పట్టి ఉంచగలవు, అంతకు పైన ఉన్నది కిందికి దిగిపోతుంది. కుండీలోని మట్టి కూడా ఇలాగే అడుగున ఒక తడి పొరను ఎప్పుడూ పట్టి ఉంచుతుంది. ఆ పొర మందం మట్టి స్వభావాన్ని బట్టి ఉంటుంది తప్ప కుండీ ఎత్తును బట్టి కాదు. అందువల్ల ఒకే మట్టితో నింపిన లోతైన కుండీలో ఆ తడి పొర చిన్న భాగంగా మిగిలితే, లోతులేని వెడల్పాటి కుండీలో సగానికి సగం అదే అయి కూర్చుంటుంది.

కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందనే పాత నమ్మకం ఈ స్పాంజీ ముందు నిలవదు. సన్నని మట్టిలో ఉన్న నీరు, పై మట్టి పూర్తిగా తడిసి బరువెక్కేదాకా, కింద ఉన్న పెద్ద ఖాళీలలోకి దిగదు. రాళ్ళు పరిచినందువల్ల తడి పొర మాయం కాదు సరికదా, అది రాళ్ళ మీదికి ఎక్కి వేళ్ళకు మరింత దగ్గరవుతుంది. నిజంగా పనిచేసేది మట్టినే గరుకుగా మార్చడం: తోట మట్టికి కోకోపిట్ (కొబ్బరి పీచు పొడి), బాగా మాగిన ఎరువుతో పాటు ముతక ఇసుక, పెర్లైట్ అనే తేలికైన తెల్లని రేణువులు, బెరడు ముక్కలు వంటివి కలిపితే పెద్ద ఖాళీలు ఏర్పడి గాలికి చోటు దొరుకుతుంది. సన్నని ఇసుకను కొద్దిగా కలిపితే మాత్రం అది ఉన్న ఖాళీలను పూడ్చి వ్యతిరేక ఫలితం ఇస్తుంది. ఉప్పు శాతం ఎక్కువగా ఉండే కోకోపిట్‌ను వాడేముందు ఒకటి రెండుసార్లు నీటిలో నానబెట్టి పిండడం మంచిది.

చిన్న మొక్కను "ఎలాగూ పెరుగుతుంది కదా" అని పెద్ద కుండీలో పెట్టడం కూడా ఇదే కోవకు చెందిన పొరపాటు. వేళ్ళు చేరని మట్టిలోని నీటిని తాగేవారెవరూ ఉండరు, అది రోజుల తరబడి అలాగే నిలిచి ఉంటుంది. ఉన్న వేరుముద్ద కంటే సుమారు 2 అంగుళాలు వెడల్పైన కుండీ సరిపోతుంది. గోడల గుండా నీరు ఆవిరయ్యే మట్టికుండీ త్వరగా ఆరుతుంది, ప్లాస్టిక్ కుండీ నెమ్మదిగా ఆరుతుంది. ఏది మంచిదన్న వాదన కంటే, నీళ్ళు తరచుగా పోసే అలవాటున్నవారికి మట్టికుండీ, మరచిపోయే అలవాటున్నవారికి ప్లాస్టిక్ కుండీ అనుకూలమని నా అభిప్రాయం. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రం నుంచి నీరు బయటికి వచ్చేదాకా పోసి, పళ్ళెంలో చేరినదాన్ని పారబోసి, మళ్ళీ అవసరమయ్యేదాకా ఆగాలి. రోజూ కొంచెం కొంచెం పోస్తే పైమట్టి తడిసి లోపలి వేళ్ళు ఎండే ప్రమాదం ఉంది. ఎప్పుడు అవసరమో తెలుసుకోవడానికి కుండీని ఎత్తి చూడడాన్ని మించిన సాధనం లేదు. నీళ్ళు పోయగానే ఒకసారి, మట్టి ఆరాక ఒకసారి ఎత్తితే ఆ బరువుల తేడా చేతికి గుర్తుండిపోతుంది.

ఇక వెలుగు. ఈ విషయంలో మన కళ్ళే మనల్ని మోసం చేస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ, వెలుగును కొలిచే లక్స్ అనే కొలమానంలో, సుమారు 1,00,000 ఉంటే, కిటికీకి దగ్గరగా అది కొన్ని వేలకు, గది లోపలి మూలకు చేరేసరికి కొన్ని వందలకు పడిపోతుంది. అంటే వందల రెట్ల తగ్గుదల. కంటిపాప వెడల్పై, చూపు సర్దుకోవడం వల్ల ఆ మూల కూడా మనకు "మంచి వెలుతురు"గానే కనిపిస్తుంది. ఆకుకు అలా సర్దుకునే వీలు తక్కువ. అది అందిన వెలుగును బట్టే ఆహారం తయారుచేసుకుంటుంది. వెలుగు తగ్గితే పెరుగుదల తగ్గుతుంది, పెరుగుదలతో పాటు నీటి వాడకమూ తగ్గుతుంది. బాల్కనీలో రోజు విడిచి రోజు నీళ్ళు అడిగిన మొక్క హాలులోకి మారాక అదే లెక్కన పోస్తే కుళ్ళిపోవడానికి కారణం ఇదే.

స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ వంటివి "నీడను ఇష్టపడే" మొక్కలన్న మాటను కొంచెం సవరించుకోవాలి. అవి నీడను భరిస్తాయి. జెడ్‌జెడ్ ప్లాంట్ మట్టి కింద దుంపల వంటి కాండాలలో నీరు దాచుకుంటుంది; స్నేక్ ప్లాంట్ తన పత్రరంధ్రాలను పగలు మూసుకుని, చల్లని రాత్రి వేళ తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను నిల్వ చేసుకుంటుంది. ఆ పొదుపు వల్ల అవి చీకటి మూలలో చాలాకాలం చావకుండా ఉంటాయి, కానీ చావకుండా ఉండడం వేరు, పెరగడం వేరు. క్రోటన్ అయితే ఆ మర్యాద కూడా పాటించదు. ఎరుపు, పసుపు, నారింజ రంగుల కోసం దానిని తెచ్చి లోపల పెడితే కొత్తగా వచ్చే ఆకులన్నీ పచ్చగానే వస్తాయి, పాతవి రాలిపోతాయి. తెల్లని, పసుపు మచ్చలున్న ఆకులలో పత్రహరితం తక్కువ కాబట్టి అలాంటి రకాలకు అదే జాతిలోని పచ్చని మొక్క కంటే ఎక్కువ వెలుగు కావాలి. ఇందుకు విరుద్ధంగా, నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలోకి తెస్తే ఆకులు తెల్లబడి కాలిపోతాయి. రోజుకు కొంచెం కొంచెంగా ఒకటి రెండు వారాలు అలవాటు చేయాలి.

గాలిని శుద్ధి చేస్తాయని పడకగది మూలల్లో మొక్కలు పెట్టేవారి కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ నమ్మకానికి మూలం 1989లో నాసా ప్రచురించిన పరిశోధన. అది గాలి చొరబడని చిన్న పెట్టెలలో జరిగింది. 2019లో వెలువడిన ఒక సమీక్ష, మామూలు ఇంట్లో గాలి మారే వేగానికి దీటుగా మొక్కలు శుద్ధి చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 వరకు కావాలని లెక్కగట్టింది. గాలి కోసం కిటికీ తెరవడమే మేలు, మొక్కను ఆ కిటికీ దగ్గర పెట్టడం ఇంకా మేలు.

పుట్టుక సంగతికి వస్తే, ఆర్కిడ్లు దీనికి చక్కని ఉదాహరణ. ఇళ్ళలో ఎక్కువగా పెంచే ఫాలినాప్సిస్ అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని జీవిస్తుంది, దాని వేళ్ళు మట్టిని ఎరగవు. ఆ వేళ్ళ చుట్టూ స్పాంజీ వంటి తెల్లని పొర ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు వేరు వెండి రంగులో కనిపిస్తుంది, నీరు తగలగానే చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. ఆ రంగే నీటి సూచిక: వేళ్ళు మళ్ళీ వెండి రంగుకు తిరిగాకనే తడపాలి. దానిని మట్టిలో పాతడం చేపను ఒడ్డున పెట్టినంత పని, అందుకే బెరడు ముక్కలు, బొగ్గు వాడతారు. ఫెర్నులకు నేలలో సన్నని తేమతో పాటు గాలిలోనూ తేమ కావాలి. రోజుకు రెండుసార్లు ఆకుల మీద నీళ్ళు చిలకరించినా ఆ తేమ నిమిషాల్లో ఆరిపోతుంది. మొక్కలను దగ్గరదగ్గరగా గుంపుగా పెడితే అవి వదిలే ఆవిరి వాటి మధ్య కొంతసేపు నిలుస్తుంది. కుండీలను అందాన్ని బట్టి కాకుండా దాహాన్ని బట్టి గుంపులు చేస్తే పని కూడా సగానికి తగ్గుతుంది.

ఎరువుల విషయంలో మొక్క తానే చాలా చెబుతుంది, పసుపు ఎక్కడ మొదలైందో చూడాలంతే. నత్రజని మొక్కలో సులువుగా కదిలే పోషకం. కొరత వచ్చినప్పుడు మొక్క ముసలి ఆకుల నుంచి దానిని తీసి లేత చిగుళ్ళకు పంపుతుంది గనుక అడుగు ఆకులు ముందుగా, ఆకంతా ఒకే తీరుగా పసుపెక్కుతాయి. మెగ్నీషియం కూడా కదిలేదే, కానీ దాని కొరతలో ముదురు ఆకుల ఈనెల మధ్య భాగం పసుపెక్కి ఈనెలు పచ్చగా మిగులుతాయి. ఇనుము అలా కదలదు. అందువల్ల కొత్త చిగుళ్ళే పాలిపోయి, వాటి మీద ఈనెలు సన్నని పచ్చని వలలా కనిపిస్తాయి. నూరువరహాలు మొక్కలో ఇది తరచుగా చూస్తాం. నేలలో ఇనుము లేక కాదు, క్షార గుణం ఎక్కువైతే ఆ ఇనుము వేళ్ళకు అందని రూపంలోకి మారిపోతుంది. అటువంటప్పుడు ఎంత ఎరువు వేసినా ప్రయోజనం ఉండదు, నేల ఆమ్లగుణాన్ని సరిచేయాలి లేదా వేళ్ళకు అందే చిలేటెడ్ రూపంలో ఇనుము ఇవ్వాలి. హైడ్రాంజియా ఇదే రసాయనాన్ని రంగులలో చూపిస్తుంది: ఆమ్ల నేలలో అల్యూమినియం కరిగి మొక్కకు అంది పూలు నీలంగా, క్షార నేలలో అది అందక గులాబీ రంగుగా పూస్తాయి.

కుండీ అంచున, మట్టి మీద తెల్లని పొక్కు కట్టిందంటే ఎరువు లవణాలు పేరుకున్నాయని అర్థం. ఆకుల కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండడం కూడా దానికి జోడవుతుంది. అప్పుడు మంచినీటిని ధారాళంగా పోసి లవణాలను అడుగు నుంచి కడిగేయాలి. జబ్బుపడిన మొక్కకు బలం వస్తుందని ఎరువు వేయడం నేను చాలాకాలం చేసిన పొరపాటు. పాడైన వేళ్ళకు ఉప్పునీరు తాగించినట్టే అయ్యేది.

"ఆకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, పువ్వు మాత్రం లేదు" అన్న ఫిర్యాదుకు ఒకే కారణం ఉండదు. కాగితంపూల విషయంలో అతి సంరక్షణే కారణం కావచ్చు. మనం పువ్వులని పిలిచే ఆ రంగు కాగితాలు నిజానికి రూపం మారిన ఆకులు. వాటి మధ్య సన్నని గొట్టంలా తెల్లగా కనిపించేదే పువ్వు. పూర్తి ఎండ, నీళ్ళకూ నీళ్ళకూ మధ్య మట్టి ఆరే విరామం, తక్కువ నత్రజని ఉంటే అది విరగబూస్తుంది, రోజూ తడుపుతూ ఎరువు వేస్తే ముళ్ళ కొమ్మలు సాగదీస్తుంది. చామంతి, పాయిన్‌సెట్టియాల లెక్క వేరు. పగటి నిడివిని బట్టి మొక్కలు పూస్తాయని 1920లో గార్నర్, అలార్డ్ ప్రకటించారు. 1938లో హామ్నర్, బానర్ చేసిన ప్రయోగాలు మొక్క అసలు కొలిచేది ఎడతెగని రాత్రినని చూపాయి. పాయిన్‌సెట్టియాకు కొన్ని వారాల పాటు రోజూ సుమారు 14 గంటల నిరంతర చీకటి కావాలి. ఆ చీకటి మధ్యలో వీధి దీపమో వరండా బల్బో వెలిగితే లెక్క చెడి, మొక్క ఆరోగ్యంగానే ఉన్నా ఎర్రబడదు. మనీప్లాంట్ మరీ విచిత్రం. మొగ్గ తొడగడానికి కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోనును అది తగినంత తయారుచేసుకోలేదని 2016లో ఒక పరిశోధన తేల్చింది, కాబట్టి దాని నుంచి పువ్వును ఆశించనవసరం లేదు. దానికి కర్ర ఊతమిచ్చి పైకి ఎక్కించి చూడండి, వేలాడేటప్పుడు అరచేయంత ఉన్న ఆకులు ఎక్కేకొద్దీ పెద్దవవుతాయి.

కత్తిరింపులో తడబడేవారు ఎక్కువ, ఎందుకంటే అది మొక్కను గాయపరచడంలా అనిపిస్తుంది. కొమ్మ కొసన ఉన్న చిగురు ఆక్సిన్ అనే హార్మోనును కిందికి పంపుతూ, కణుపుల దగ్గరి మొగ్గలను నిద్రపుచ్చి ఉంచుతుంది. ఆ కొసను గిల్లేస్తే నిద్రపోతున్న మొగ్గలు రెండు మూడు లేచి కొమ్మలవుతాయి, బక్కగా ఏపుగా పోయే మొక్క గుబురుగా మారుతుంది. మందారం, గులాబీ, మల్లె కొత్త కొమ్మల మీద పూస్తాయి కాబట్టి వాటిని ధైర్యంగా కత్తిరించవచ్చు. గులాబీలో బయటివైపు చూస్తున్న మొగ్గకు కొంచెం పైన కోస్తే కొత్త కొమ్మ బయటికి పెరిగి, మొక్క నడిమిలో గాలి ఆడుతుంది. గంటల తరబడి తడిగా ఉండే ఆకుల మీదనే నల్లమచ్చ తెగులు పుడుతుంది గనుక ఈ గాలి ముఖ్యం. అంటు కట్టిన చోటుకు కింది నుంచి వచ్చే కొమ్మలను మాత్రం కనిపించగానే మొదలంటా తీసేయాలి, అవి అడవి గులాబీవి. హైడ్రాంజియాలో సాధారణంగా పెంచే పెద్ద ఆకుల రకం కిందటి ఏడాది కొమ్మల మీద మొగ్గ కడుతుంది. గులాబీకి చేసినట్టే దానినీ పూలకాలానికి ముందు కత్తిరిస్తే ఆ ఏటి పూలన్నీ కత్తెరకు బలి అవుతాయి.

పురుగుల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే చాలా సందర్భాల్లో అవి పైన చెప్పిన ఇబ్బందుల వెంట వచ్చేవే. అతి నత్రజనితో మెత్తబడిన చిగుళ్ళకు పేనుబంక, పొడిగాలిలో దుమ్ము పట్టిన ఆకులకు ఎర్రనల్లి, గాలాడని గుబురులో పిండినల్లి చేరతాయి. ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టితే చుక్కలు రాలి, వాటిలో కొన్ని నడిస్తే అది నల్లి. కొమ్మ మీద చీమల బారు కనిపిస్తే వాటిని తిట్టుకోకుండా అవి ఎక్కడికి పోతున్నాయో చూడాలి. పిండినల్లి, పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసం అవి ఆ పురుగులను కాపాడుతూ ఉంటాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కొద్దిగా సబ్బు ద్రావణం చేర్చి, ముందు ఒకటి రెండు ఆకుల మీద పరీక్షించి, ఎండ తగ్గాక ఆకుల అడుగు తడిసేలా కొట్టాలి. గుడ్ల నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి గనుక వారం తరువాత మళ్ళీ కొట్టక తప్పదు. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇళ్ళలో గన్నేరు, అడీనియం, డిఫెన్‌బాకియా వంటి విషపూరితమైన మొక్కలను అందని చోట ఉంచి, కత్తిరించాక చేతులు కడుక్కోవాలి.

తోట నిండేది కొనడంతో కంటే అంట్లతోనే ఎక్కువ, అక్కడా ఒక మెలిక ఉంది. మనీప్లాంట్ ఆకును ఒక్కదానినే నీటిలో పెడితే వేళ్ళు రావచ్చు గానీ కొత్త తీగ రాదు. తీగకు మూలమైన మొగ్గ కణుపులో ఉంటుంది, కాబట్టి కణుపు ఉన్న ముక్కనే తీసుకోవాలి. స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలుగా కోసి, నేలవైపు కొస కిందికే ఉండేలా గుచ్చితే కొన్ని నెలలకు పిల్ల మొక్కలు వస్తాయి. కానీ తల్లి ఆకుకు పసుపు అంచు ఉంటే పిల్లలకు అది రాదు. ఆ ఆకులో జన్యుపరంగా తేడా ఉన్న రెండు రకాల కణజాలాలు పొరలుగా పక్కపక్కనే పెరుగుతాయి, ముక్క నుంచి పుట్టే కొత్త మొగ్గ మాత్రం వాటిలో పచ్చని కణజాలం నుంచే లేస్తుంది. పసుపు అంచు కావాలనుకునేవారు ఆకును కోయకుండా, కుండీని బోర్లించి, వేరుముద్దను విడదీసి, దుంపతో సహా పిలకను వేరుచేసి నాటుకోవాలి.